విమానం ముందే ఎందుకు దిగిందన్నది కాదు, అందులో ఎవరెవరు ఎక్కారన్నదే మీ కేసు

ప్రశ్న: మా అమ్మానాన్నల 40వ పెళ్ళిరోజుకి కుటుంబమంతా మాల్దీవులు వెళ్ళాం. మన దేశంలోనే ఉన్న ఒక టూర్ కంపెనీ దగ్గర ప్యాకేజీ తీసుకున్నాం. ఒక ఉదయం మా ఐదుగురి కోసమే సీప్లేన్ ఏర్పాటు చేసి, 40 నిమిషాలు దీవుల మీద, లగూన్ల మీద తిప్పుతామన్నారు. ఆ ఒక్కదానికే 2,40,000 రూపాయలు కార్డు మీద కట్టాను. తీరా ఎక్కేసరికి లోపల 9 మంది కూర్చుని ఉన్నారు. మాకు తలో మూల సీటు ఇచ్చారు. అమ్మకి కిటికీ పక్కన చోటు కూడా దొరకలేదు. వాతావరణం బాగోలేదని 20 నిమిషాలకే దింపేశారు. ఆ రోజంతా అమ్మ ఏడుస్తూనే ఉంది. అప్పటి నుంచీ కంపెనీతో మెయిల్స్ నడుస్తూనే ఉన్నాయి. ‘విమానం విదేశీ ఆపరేటర్‌ది, కావాలంటే అక్కడే కేసు వేసుకోండి’ అంటున్నారు. ఇప్పుడేమో 60,000 రూపాయల ట్రావెల్ వోచర్ ఇస్తామంటున్నారు. ప్రయాణం జరిగి 22 నెలలైంది. ఫోన్ మార్చినప్పుడు వాట్సాప్ చాట్ పోయింది. ‘ఆ పేమెంట్ నేను చేయలేదని బ్యాంకుకి రాయి, డబ్బు వెనక్కి వచ్చేస్తుంది’ అని ఒక మిత్రుడు చెబుతున్నాడు. పైలట్ మీద కేసు పెట్టవచ్చా? అమ్మ పడిన బాధకు 10 లక్షలు అడగవచ్చా?

జవాబు: మీ పూర్తి ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు మీ అమ్మగారి కన్నీళ్ళ గురించే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి చదివాను, రేపు వినియోగదారుల కమిషన్ కూడా అలాగే చదువుతుంది. మీ కేసు నిలబడేది మీరు మాటవరసకి రాసి వదిలేసిన ఒక్క వాక్యం మీద: ‘ఎక్కేసరికి లోపల 9 మంది కూర్చుని ఉన్నారు.’

మీకు జరిగినవి రెండు అన్యాయాలు. మీరు రెండింటినీ కలిపేసి, బలహీనమైనదాన్ని ముందుకు తోస్తున్నారు. 20 నిమిషాలకే దింపేశారన్నది బలహీనమైనది. సీప్లేన్లు కళ్ళతో చూసుకుంటూ నడిపే విమానాలు. మాల్దీవుల్లో అవి పగటిపూట మాత్రమే తిరుగుతాయి. దిగాల్సింది నీళ్ళ మీద కాబట్టి మబ్బు, గాలి, అలల ఎత్తు అన్నీ లెక్కలోకి వస్తాయి. ప్రయాణం కుదించాలా, దారి మార్చాలా అన్నది విమానానికి బాధ్యుడైన పైలట్ నిర్ణయం. భద్రత కోసం తీసుకున్నానని అతను చెబితే దాన్ని తప్పని రుజువు చేయడం దాదాపు అసాధ్యం. మీరు ఈ పాయింటు పట్టుకుంటే కంపెనీ ఆ రోజు వాతావరణ నివేదిక ఒకటి దాఖలు చేసి చేతులు దులుపుకుంటుంది. పైలట్ మీద కేసు అనే ఆలోచన కూడా ఇక్కడితో వదిలేయండి.

కానీ మబ్బు పట్టినంత మాత్రాన విమానంలో 9 మంది కొత్తవాళ్ళు పుట్టుకురారు. ఆ సీట్లు అంతకుముందే అమ్ముడయ్యాయి. వాతావరణం అనే సమాధానం దీనికి అతకదు. మీరు జతచేసిన బుకింగ్ వోచర్‌లో ‘ఎక్స్‌క్లూజివ్ ఎయిర్‌క్రాఫ్ట్’ అని స్పష్టంగా ఉంది. ప్రయాణికులు 5 అని ఉంది. ధర తలకింత అని కాకుండా మొత్తంగా ఒకే అంకె వేశారు. అక్కడ తిరిగే సీప్లేన్లలో ఎక్కువ భాగం ట్విన్ ఓటర్లు అనే రెండు ఇంజన్ల చిన్న విమానాలు, ఒక్కోదాంట్లో 15 మంది దాకా పడతారు. ఖాళీగా పోయే 10 సీట్ల ఖరీదు కూడా కలిపే మీ దగ్గర వసూలు చేశారన్నమాట. పెళ్ళికి బస్సు మాట్లాడుకున్నాక దారిలో టికెట్లు కొట్టి జనాన్ని ఎక్కించుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 భాషలో ఇది సేవా లోపం. లేని సదుపాయాన్ని ఉన్నట్టు చూపి అమ్మినందుకు అనుచిత వ్యాపార పద్ధతి కూడా.

మరి ఎవరి మీద వేయాలి? డబ్బు తీసుకున్న కంపెనీ మీదే. ‘మేము ఏజెంట్లం మాత్రమే’ అనే వాదన తప్పకుండా వస్తుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 230 ప్రకారం ఏజెంటు సాధారణంగా సొంతంగా బాధ్యుడు కాడన్నది నిజమే. అయితే తన వెనక ఉన్న అసలు యజమాని పేరు బయటపెట్టకుండా ఒప్పందం చేసుకుంటే బాధ్యత ఆ ఏజెంటుదేనని అదే సెక్షన్ భావిస్తుంది. మీ బుకింగ్ వోచర్ మీద గానీ ఇన్వాయిస్ మీద గానీ విమాన సంస్థ పేరు ఎక్కడా లేదు. ఆ పేరు మొదటిసారి కనిపించేది గొడవ మొదలయ్యాక కంపెనీ రాసిన మెయిల్‌లో. ఆ మెయిల్ తేదీ మీకు చాలా పనికొస్తుంది.

ఇంకొకటి, మీరు చూసి ఉండరు. మీ ఇన్వాయిస్‌లో చివరి నుంచి రెండో లైన్‌లో టీసీఎస్ అని ఉంది. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్ళు కొనేవాళ్ళ దగ్గర వసూలు చేసి ఆదాయపు పన్ను శాఖకు కట్టాల్సిన మొత్తం అది. ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి వెళ్ళి ఆ సంవత్సరం మీ ఫారం 26ఏఎస్, అంటే మీ పేరు మీద జమైన పన్నుల చిట్టా, తీయండి. మీ పాన్ కింద ఆ కంపెనీ పేరు, వాళ్ళ ట్యాన్ (పన్ను వసూలు చేసేవాళ్ళకి ఇచ్చే) నంబరు, మొత్తం, తేదీ కనిపించాలి. ప్యాకేజీ అమ్మింది మేమేనని ప్రభుత్వానికి లెక్క చెప్పినవాళ్ళు కమిషన్ ముందుకొచ్చి ‘మేం మధ్యవర్తులం’ అనడం అంత తేలిక కాదు.

విదేశీ ఆపరేటర్‌ని కూడా కేసులోకి లాగాలని మీ తమ్ముడు అంటున్నారట. వద్దు. అక్కడికి నోటీసు చేరడానికే నెలలు పడుతుంది, ఈలోగా కంపెనీ హాయిగా కూర్చుంటుంది. మాంట్రియల్ ఒప్పందం కింద విమాన పరిహారం వస్తుందని ఆయన ఎక్కడో చదివినట్టున్నారు. ఆ ఒప్పందం ప్రధానంగా ప్రమాదంలో మరణం లేదా గాయం, సామాను నష్టం, ఆలస్యం కోసం ఉన్నది. పైగా ఒక దేశంలో బయల్దేరి అదే దేశంలో దిగే విహారయాత్ర, మధ్యలో వేరే దేశంలో ఆగే ఒప్పందం లేకపోతే, అంతర్జాతీయ ప్రయాణం కిందికి రాదు. మీకు ఆ దారి లేదు, అవసరమూ లేదు.

ఇప్పుడు మిమ్మల్ని కోప్పడాల్సిన విషయం. 22 నెలలు ఏం చేశారు? ‘మెయిల్స్ నడుస్తూనే ఉన్నాయి’ అని ధీమాగా రాశారు. మెయిల్స్ నడిస్తే గడువు ఆగదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి 2 సంవత్సరాల్లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. మీ విషయంలో కారణం పుట్టింది ఆ విమానం ఎక్కిన ఉదయం. వాళ్ళు చివరిసారి ‘మా టీమ్ పరిశీలిస్తోంది’ అని రాసిన రోజు కాదు. లాయర్ నోటీసు పంపినా గడియారం వెనక్కి తిరగదు. మా బాధ్యత ఒప్పుకుంటున్నాం, ఇంత చెల్లిస్తాం అని గడువులోపే రాతపూర్వకంగా అంగీకరిస్తే అది వేరే చర్చ. మీకు వచ్చిన మెయిల్స్ అన్నీ చూశాను, అలాంటి వాక్యం ఒక్కటీ లేదు. వినియోగదారుణ్ని మర్యాదగా రెండేళ్ళు తిప్పి, ఆ తర్వాత గడువు దాటిందని వాదించడం ఈ తరహా కేసుల్లో కొత్తేమీ కాదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది, కానీ తగిన కారణం చూపాలి. సంప్రదింపులు జరుగుతున్నాయన్నది సాధారణంగా తగిన కారణం అనిపించుకోదు. మీకు మిగిలింది రెండు నెలలు. అందులో ఒక నెల లేదనే అనుకోండి.

ఇక మీ మిత్రుడి సలహా. అది చదివాక ఈ జవాబు వెంటనే రాయాలనిపించింది. పేమెంట్ మీరు చేయలేదని బ్యాంకుకి రాయకండి, మాటవరసకైనా ఫోన్‌లో చెప్పకండి. ఆ లావాదేవీకి ఓటీపీ మీ నంబరుకే వచ్చింది, మీరే కొట్టారు, బ్యాంకు దగ్గర ఆ రికార్డు భద్రంగా ఉంది. అబద్ధపు ఫిర్యాదు మీద బ్యాంకు ఏం చేస్తుందన్నది ఒక టెన్షన్ అయితే, అసలు దెబ్బ ఇంకోచోట పడుతుంది. వినియోగదారుల కమిషన్‌లో మీ మొదటి వాక్యం ‘నేను ఫలానా తేదీన 2,40,000 రూపాయలు చెల్లించాను’ అని ఉండాలి. అవతలి లాయర్ లేచి, ‘ఈ డబ్బు తాను కట్టలేదని ఈయనే బ్యాంకుకి రాశాడు’ అంటూ మీ సంతకంతో ఉన్న కాగితం చూపిస్తే ఇక వాదించడానికి ఏం మిగులుతుంది? చెప్పిన సేవ అందలేదు అనే నిజమైన కారణంతో కార్డు మీద అభ్యంతరం పెట్టే పద్ధతి ఉంది. దానికి కార్డు సంస్థలు ఇచ్చే వ్యవధి సాధారణంగా 120 రోజుల లెక్క. ఆ పని అప్పుడే చేసి ఉండాల్సింది.

60,000 వోచర్ కూడా అలాంటిదే. దానితో వచ్చిన మెయిల్‌లో కింద చిన్న అక్షరాల్లో ‘పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరిస్తున్నాను’ అని ఉంది. ఆ బటన్ నొక్కితే కథ అక్కడితో అయిపోతుంది. వద్దని ఒక్క లైన్ రాసి పంపండి.

సాక్ష్యం సంగతికి వద్దాం. మీ అమ్మగారు ఏడుస్తున్న ఫొటోలు నాలుగు పంపారు. అవి ఏమీ రుజువు చేయవు. పనికొచ్చేది మీరు ‘సరిగ్గా రాలేదు’ అని క్షమాపణతో చివర జతచేసిన ఆ కొద్ది సెకన్ల వీడియో. లగూన్‌ని తీద్దామని ఫోన్ తిప్పుతుంటే మధ్యలో క్యాబిన్ మొత్తం పడింది. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని కిటికీకి ఫోన్ ఆనించిన తెలియనివాళ్ళు, ఇవతల ఇరుకు నడవా పక్కన మీ అమ్మగారు, ఆమె చేతిలో ఆ టూర్ కంపెనీ లోగో ఉన్న సంచి. ఈ కేసుకి ఇంతకంటే మంచి సాక్షి లేదు. దాన్ని కత్తిరించకండి, ఎడిట్ చేయకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది, లోపలి తేదీ, సమయం, స్థలం వివరాలు కూడా పోవచ్చు. అసలు ఫైలు ఏ ఫోన్‌లో ఉందో ఆ ఫోన్‌ని అలాగే ఉంచండి, అమ్మకండి, మార్చకండి.

మీ చాట్ పోయింది సరే, ఆ గ్రూపులో మీ చెల్లెలు కూడా ఉన్నారని మీరే రాశారు. ఆమె ఫోన్‌లో చాట్ ఉంటుంది. ఇంతమంది ఉన్న ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరికీ ఆ ఆలోచన రాలేదంటే ఏమనాలి? ఈరోజే ఎక్స్‌పోర్ట్ చేయించండి. చాట్, వీడియో, మెయిల్స్ ప్రింటు తీసి దాఖలు చేసేటప్పుడు వాటికి భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి ఆ ఫోన్ వాడినవాళ్ళు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, కూడా రాయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నియమాలను కోర్టులంత కఠినంగా పట్టించుకోవు, చాలావరకు అఫిడవిట్ల మీదే నడిపిస్తాయి. అయినా అవతలివాళ్ళకు అభ్యంతరం చెప్పే అవకాశం మనమే ఎందుకివ్వాలి?

ఫిర్యాదు మీరొక్కరే కాకుండా అమ్మానాన్నలతో కలిసి వేయండి. డబ్బు మీరు కట్టినా, మీ అనుమతితో ఆ సేవ పొందినవాళ్ళు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. ‘అమ్మ బాధపడింది’ అని మీరు మూడు పేజీలు రాసేకంటే, తనకు ఏ సీటు ఇచ్చారో, పక్కన ఎవరు కూర్చున్నారో, ఎన్ని గంటలకు ఎక్కి ఎన్ని గంటలకు దిగారో ఆవిడ పది లైన్ల అఫిడవిట్‌లో చెబితే విలువ ఎక్కువ.

మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఆ హక్కు ఇచ్చింది. కంపెనీ షరతుల్లో వేరే నగరం కోర్టులకే అధికారం అని రాసుకున్నంత మాత్రాన మీరు ఆగనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు ప్యాకేజీ మొత్తాన్ని కాకుండా విమానయాత్రకు విడిగా ఇన్వాయిస్ వేసిన 2,40,000నే చూపిస్తున్నారు కాబట్టి ఫీజు పడదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయవచ్చు. ముందుగా కంపెనీకి 15 రోజుల గడువుతో నోటీసు పంపండి, చట్టం తప్పనిసరి చేయకపోయినా పంపితే మంచిది. అయితే జవాబు కోసం ఎదురుచూస్తూ 16వ రోజు దాటించకండి.

10 లక్షలు మాత్రం అడగకండి. లెక్కలేని అంకె వేస్తే మిగతా లెక్కలన్నింటి మీదా అనుమానం వస్తుంది. అదే కంపెనీ వెబ్‌సైట్‌లో అలాంటి విహారయాత్రకే సీటు చొప్పున ధర ఉంటే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని ఐదుతో గుణించి 2,40,000లోంచి తీసేస్తే వచ్చేది మీ నుంచి అదనంగా గుంజిన సొమ్ము. అది, దాని మీద వడ్డీ, మానసిక వేదనకు అందులో సగం మించని మొత్తం, కేసు ఖర్చులు అడగండి. దిగాల్సిన సమయానికి ముందే దింపారన్న విషయాన్ని ఒక పేరాలో వాస్తవంగా రాసి వదిలేయండి, దానికి విడిగా డబ్బు అడగవద్దు.

అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు అని రాశారు. విచారణకు వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరవుతామని ఫిర్యాదుతో పాటే దరఖాస్తు పెట్టండి, చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. అఫిడవిట్ మీద సంతకం కోసం మాత్రం ఆవిడ ఒకసారి నోటరీ ముందుకు రావాలి. ఆ పని వచ్చే వారానికి వాయిదా వేయకండి.