బీడీఎస్ అయ్యాక క్లినిక్కా, పరిశోధనా?

ప్రశ్న: మాది మునుగోడు దగ్గర పల్లె. మా బిడ్డ బీడీఎస్ (పళ్ల డాక్టరు చదువు) చివర్లో హౌస్ సర్జన్సీ చేస్తోంది. నల్లగొండలో క్లినిక్ పెట్టిస్తానంటే వద్దంటోంది. పట్టు, పీత పెంకుల వంటి వాటితో పళ్లకు, చిగుళ్లకు మళ్లీ కణజాలం పెంచే పరిశోధన చేస్తుందట. దాంట్లో బతుకుదెరువు ఉందా?

జవాబు: ఉంది. కాకపోతే క్లినిక్ కన్నా ఆలస్యంగా చేతికొస్తుంది.

మీ బిడ్డ గాలిలో మేడలు కట్టడం లేదు. పంటి పైపొర ఎనామిల్‌ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మీ వైపు పిల్లల పళ్ల మీద మచ్చలు వాటంతట అవి పోకపోవడానికి కారణం ఇదే. లోపలి మెత్తటి గుజ్జు సంగతి వేరు. అందులో మూలకణాలు, అంటే వేరే రకం కణాలుగా మారగల కణాలు, ఉన్నాయని 2000లో అమెరికా పరిశోధకులు చూపించారు. వేరు పూర్తిగా ఎదగని పంటిలో గుజ్జు చచ్చిపోతే, లోపల శుభ్రం చేసి, వేరు కొస నుంచి కాస్త రక్తం ఊరేలా చేసి, ఆ గడ్డ ఆసరాతో కొత్త కణజాలం పెరగనిచ్చే చికిత్స ఇప్పటికే ఉంది. గద్వాల, పోచంపల్లి మగ్గాల మీద ఆడే పట్టుదారంలోని ప్రోటీన్‌ను, తీగకు పందిరి వేసినట్టు, ఎముక కణాలు పాకడానికి ఆధారంగా ల్యాబుల్లో వాడి చూస్తున్నారు. పీత పెంకుల నుంచి తీసే కైటోసాన్ కూడా అలాంటిదే. పూర్తి పన్ను మొలిపించడం మాత్రం ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు.

దారులు రెండు. నీట్ ఎండీఎస్ పరీక్ష రాసి మూడేళ్ల ఎండీఎస్, అంటే పళ్ల వైద్యంలో పీజీ, చేయడం ఒకటి. ఇంజినీరింగ్ పీజీల ప్రవేశ పరీక్ష గేట్ రాసి బయోమెడికల్ ఇంజినీరింగ్ వైపు వెళ్లడం రెండోది. బీడీఎస్ వాళ్లు గేట్ రాయవచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగం ఉంది, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ బయోమెటీరియల్స్‌కు, అంటే ఒంట్లో వాడే ఇలాంటి పదార్థాలకు, పేరున్నది. అయితే ఎవరికి సీటిస్తారో ముందే కనుక్కోవాలి.

నేనైతే ఎండీఎస్సే ముందు చేయమంటాను. రూట్ కెనాల్ పనులు చూసే కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ గానీ, చిగుళ్ల విభాగం పీరియాడాంటిక్స్ గానీ తీసుకుంటే రోగీ, మెటీరియలూ రెండూ చేతిలో ఉంటాయి. థీసిస్ ఇదే అంశం మీద చేసుకోవచ్చు. ఆ తర్వాత పీహెచ్‌డీకి వెళ్లినా, మీరన్న క్లినిక్ పెట్టినా చదువు వృథా కాదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మేనేజ్‌మెంట్ సీటు కోసం భూమి అమ్మకండి. మంచి ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది చదవనివ్వండి. అప్పటిదాకా ఏదైనా క్లినిక్‌లో పనిచేస్తూ చదువుకుంటుంది, మీకూ టెన్షన్ తగ్గుతుంది.