గడువు దాటిన అప్పీలును కోర్టు స్వీకరిస్తుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గరి పల్లె. మా పొలం తనదేనంటూ పొరుగు రైతు వేసిన దావాలో, దాన్ని అతనికి స్వాధీనం చేయాలని కోర్టు డిక్రీ ఇచ్చింది. నేనప్పుడు సూరత్‌లో మగ్గాల పనిలో ఉన్నాను. ఇంటికి వచ్చాక పచ్చకామెర్లతో రెండు నెలలు మంచం పట్టాను. జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకునే గడువు దాటి నాలుగు నెలలైందని ఇప్పుడు ప్లీడరుగారు అంటున్నారు. ఇంకా దారి ఉందా?

జవాబు: ఉంది. కోర్టు వ్యవహారాలకు గడువులు విధించే 1963 నాటి లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ ప్రకారం, సకాలంలో రాలేకపోవడానికి తగిన కారణం ఉందని నమ్మకం కలిగితే కోర్టు ఆలస్యాన్ని మన్నించవచ్చు. అయితే ఇది కోర్టు విచక్షణే తప్ప మీ హక్కు కాదు. పైగా ఈ వెసులుబాటు అప్పీళ్లకు, దరఖాస్తులకే గాని, కాలదోషం పట్టిన దావాలకు వర్తించదు.

ముందుగా ఆలస్యం ఎన్ని రోజులో సరిగా లెక్క కట్టించండి. డిక్రీ తేదీ నుంచి జిల్లా కోర్టుకు 30 రోజులు, కటక్‌లోని హైకోర్టుకైతే 90 రోజులు గడువు. డిక్రీకి సర్టిఫైడ్ నకలు (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే ప్రతి) తీసుకోవడానికి పట్టిన కాలాన్ని 12వ సెక్షన్ కింద మినహాయిస్తారు. నకలు మీదనే దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ వేసి ఉంటాయి, వాటినిబట్టే లెక్క. స్టాంపులు కట్టకుండా మనం తాత్సారం చేసిన రోజులు మినహాయింపులోకి రావు. గడువు ముగిశాక నకలుకు దరఖాస్తు చేసినవారికి ఈ సెక్షన్ అక్కరకు రాదు.

ఇక కారణం సంగతి. 1998లో ఎన్. బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 883 రోజుల జాప్యాన్ని సైతం మన్నిస్తూ, ఎన్ని రోజులన్నది కాదు, ఇచ్చిన సంజాయిషీ నమ్మదగినదా కాదా అన్నదే ముఖ్యమని స్పష్టం చేసింది. అదే సమయంలో, గడువు చివరి రోజు మొదలు అప్పీలు దాఖలు చేసేవరకూ జరిగిన ఆలస్యానికి సమాధానం చెప్పాలన్నది రేవా కోల్‌ఫీల్డ్స్ కేసు నాటినుంచీ ఉన్న సూత్రం. మీ ఉత్తరంలో లోటు అక్కడే కనిపిస్తున్నది: జబ్బు రెండు నెలలు, ఆలస్యం నాలుగు నెలలు. మిగిలిన రెండు నెలలు ఎక్కడున్నారు, తీర్పు సంగతి ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు అన్నవి అఫిడవిట్‌లో (ప్రమాణపత్రంలో) తేదీలతో రావాలి. మిల్లు జీతం కాగితం, రైలు టికెట్టు, ఆసుపత్రి డిశ్చార్జి చీటీ జతచేయండి. ‘అనివార్య కారణాలవల్ల’ అన్న అరిగిపోయిన మాట ఒక్కటీ రాసి వదిలేసే అఫిడవిట్లు కోకొల్లలు. దాన్ని చదివి ఏ న్యాయమూర్తి కరుగుతారు? తప్పంతా ప్లీడరు మీదకు నెట్టేముందు, మధ్యలో మీరు ఎన్నిసార్లు వాకబు చేశారన్న ప్రశ్న మీకే ఎదురవుతుంది. అఫిడవిట్ ఇంగ్లీషులో రాసినా, ఒడియాలో రాసినా, దాన్ని తెలుగులో చదివించుకుని, అలా చదివి వినిపించినట్టు అందులో రాయించాకే సంతకం చేయండి.

జాప్యం మన్నింపు కోరే దరఖాస్తును, అఫిడవిట్‌ను అప్పీలుతో కలిపే దాఖలు చేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 3ఎ నియమం చెబుతున్నది. ఎదుటివారికి నోటీసు ఇచ్చి విన్నాకే తుది నిర్ణయం ఉంటుంది. మన్నించినా వారికి ఖర్చులు కట్టమనవచ్చు. ఇదే నియమం ప్రకారం, అప్పీలును విచారణకు తీసుకోవాలని కోర్టు నిర్ణయించేవరకు డిక్రీ అమలుపై స్టే ఇవ్వరు. ఈలోగా అవతలివారు అమలు దరఖాస్తు వేసి పొలం స్వాధీనం చేసుకునే వీలుంది కనుక, కాగితాలు ఈ వారంలోనే మీ ప్లీడరుగారికి అందజేయండి.