చార్టర్ స్కూల్లో సీటొచ్చింది, హ్యాండ్‌బుక్ మీద సంతకం పెట్టాలా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. మావారిది హెచ్‌1బీ వీసా, నాదీ అబ్బాయిదీ హెచ్‌4. ఎనిమిదో గ్రేడ్ పూర్తవుతున్న మా అబ్బాయికి లాటరీలో ఒక చార్టర్ హైస్కూల్లో సీటు వచ్చింది. ఎనభై పేజీల హ్యాండ్‌బుక్ పంపి, చివర సంతకం పెట్టమన్నారు. తల్లిదండ్రులు ఏడాదికి 40 గంటలు వాలంటీర్లుగా పనిచేయాలనీ, క్రమశిక్షణ తప్పితే స్కూలు నుంచి తీసేస్తామనీ అందులో ఉంది. వాడికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) ఉంది, ఇప్పటి స్కూల్లో 504 ప్లాన్ (వైకల్యం ఉన్న పిల్లలకు క్లాసులో చేసే సర్దుబాట్ల ప్లాన్) నడుస్తోంది. డిసెంబరులో పెళ్లికి మూడు వారాలు గుంటూరు వెళ్లాలి. చేర్చమంటారా?

జవాబు: చేర్చవచ్చు. మీ ఉత్తరం చూస్తే మీరు దీన్ని మన దగ్గరి కార్పొరేట్ కాలేజీలా అనుకుంటున్నారనిపిస్తోంది. యాజమాన్యం పెట్టిందే రూలు, నచ్చకపోతే టీసీ తీసుకుని పొమ్మనడం అక్కడి పద్ధతి. చార్టర్ స్కూలు అలాంటిది కాదు. కాలిఫోర్నియాలో 1992లో వచ్చిన చట్టం కింద, ప్రభుత్వ డబ్బుతో నడిచే ప్రభుత్వ బడి అది. ఫీజు ఉండదు, ప్రవేశ పరీక్షతో పిల్లల్ని ఏరుకోవడం ఉండదు. మామూలు ప్రభుత్వ స్కూళ్లకున్న నిబంధనల్లో చాలావాటి నుంచి దానికి మినహాయింపు ఇచ్చారు. బదులుగా, ఎలా నడుపుతామో 15 అంశాల కింద ఒక పిటిషన్‌లో రాసి, స్కూల్ డిస్ట్రిక్ట్ చేతో కౌంటీ బోర్డు చేతో ఆమోదం తెచ్చుకోవాలి. అలా అనుమతి ఇచ్చినవాళ్లను ఆథరైజర్ అంటారు.

అందుకే హ్యాండ్‌బుక్ కన్నా ముందు చదవాల్సింది ఆ పిటిషన్. హ్యాండ్‌బుక్‌ను ఏటా వేసవిలో ఎవరో ఒకరు మారుస్తుంటారు. పిటిషన్‌లోని ముఖ్యమైన మాట మార్చాలంటే మళ్లీ ఆథరైజర్ దగ్గరికి వెళ్లాలి. ఎక్కువ స్కూళ్లు వెబ్‌సైట్లోనే పెడతాయి. కనిపించకపోతే పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఈమెయిల్లో అడగండి, పది రోజుల్లో బదులు రావాలి. రెండు మూడు వందల పేజీలు చూసి బెదరకండి. ప్రవేశాలు, సస్పెన్షన్-ఎక్స్‌పెల్షన్ (పూర్తిగా తీసేయడం) పద్ధతి, భద్రత, ఈ మూడు భాగాలు చాలు. అనుమతి గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా చూడండి. రెన్యువల్ సాధారణంగా ఐదేళ్లకు వస్తుంది, ఫలితాలు బలహీనంగా ఉన్న స్కూలుకు రెండేళ్లకే ఇస్తారు. మీవాడు పదకొండులో ఉండగా గడువు ముగిసేట్టయితే ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న అది.

వీసా గురించి బెంగ వద్దు. పిల్లల, తల్లిదండ్రుల ఇమిగ్రేషన్ వివరాలు స్కూళ్లు సేకరించకూడదని 2017లో చేసిన కాలిఫోర్నియా చట్టమే ఉంది. అడ్రసుకూ వయసుకూ రుజువు అడగవచ్చు.

ఇక 40 గంటలు. తల్లిదండ్రుల సాయం కోరడంలో తప్పు లేదు. కానీ సీటు ఇవ్వడానికీ, కొనసాగించడానికీ అది షరతు కాదని చార్టర్ స్కూలు తల్లిదండ్రులకు తెలియజేయాలని చట్టంలో ఉంది. గంటలు చేయకపోతే డబ్బు కట్టండి అన్నా అంతే. ల్యాబ్ ఫీజు, క్లాసుకు తప్పనిసరైన సామాన్ల ఖర్చు మీనుంచి వసూలు చేయకూడదు. విరాళం అడగవచ్చు, ఇవ్వనక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం కోసం సంతకం ఆపి గొడవ పెట్టుకోవద్దు. ‘వాలంటీరు గంటలు స్వచ్ఛందమేనని, పూర్తిచేయకపోయినా మా అబ్బాయి సీటుకు ఇబ్బంది లేదని అనుకుంటున్నాం, నిర్ధారించగలరు’ అని ఒక ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకుని, తరవాత సంతకం పెట్టండి. హ్యాండ్‌బుక్ అందింది, చదివాం అని మీరు చేసే ఆ సంతకంతో చట్టం ఇచ్చిన హక్కులు పోవు.

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఏడీహెచ్‌డీ విషయంలో. సీటు ఖాయం కాకముందు పిల్లవాడి రికార్డులు అడిగే అధికారం స్కూలుకు లేదు. చేరాక మాత్రం 504 ప్లాన్ కాపీ మీరే చేతికివ్వండి. పాత స్కూలు పంపుతుందిలే అని కూర్చుంటే ఫైలు వచ్చి, ఎవరో తెరిచేసరికి మొదటి క్వార్టరు గడుస్తుంది. ‘మాది చిన్న స్కూలు, 504లు పెద్దగా చేయం’ అనే మాట వినిపిస్తే అది చెల్లదు. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని 504 సెక్షన్ ఫెడరల్ డబ్బు తీసుకునే ప్రతి స్కూలుకూ వర్తిస్తుంది. టీచర్లందరికీ ప్లాన్ చేరిందా అని ఆగస్టులోనే రాసి అడగండి.

504 సరిపోక, ప్రత్యేక బోధనతో కూడిన ఐఈపీ (ఆ పిల్లవాడి కోసమే రాసే చదువు ప్రణాళిక) కావాలనిపిస్తే అభ్యర్థన రాతలో పెట్టండి. మాటల్లో అడిగితే గడువు లెక్క మొదలవదు. అందిన 15 రోజుల్లో, వాడి అవసరాలు తెలుసుకోవడానికి ఏయే పరీక్షలు చేస్తారో ప్లాన్ పంపాలి. మీరు దానిమీద సంతకం చేసి ఇచ్చిన 60 రోజుల్లో పరీక్షలు ముగించి ఐఈపీ మీటింగ్ పెట్టాలి. ఇక్కడ చాలామంది పొరబడేది తేదీల దగ్గర. వేసవి సెలవులు ఈ లెక్కలోకి రావు. మే చివర్లో పెట్టిన అభ్యర్థన ఆగస్టు దాకా నిద్రపోతుంది. ‘ముందు మేం కొన్ని పద్ధతులు ప్రయత్నించి చూస్తాం’ అన్నా సరే, పరీక్ష వాయిదా వేయడానికి అది కారణం కాదు.

‘తీసేస్తాం’ అన్న మాటకు వద్దాం. పది రోజులకు తక్కువ సస్పెన్షన్ అయితే ఆరోపణ ఏమిటో చెప్పాలి, పిల్లవాడు కాదంటే ఆధారం చూపి వాడి మాట వినాలి. పది రోజులైనా, అంతకు మించినా, పూర్తిగా పంపేయాలన్నా రాతపూర్వక నోటీసు, తటస్థ అధికారి ముందు విచారణ ఉండాలి. మీరు సాక్షుల్ని తెచ్చుకోవచ్చు, వాళ్ల సాక్షుల్ని ప్రశ్నించవచ్చు, లాయరునో సాయం చేసేవాళ్లనో వెంట పెట్టుకోవచ్చు. ఏ కారణంతో తొలగించాలన్నా కనీసం ఐదు స్కూలు రోజుల ముందు నోటీసు రావాలి. ఆ నోటీసు పిల్లవాడి లేదా తల్లిదండ్రుల మాతృభాషలో ఉండాలని చట్టం అంటోంది, అంటే మీ ఇంటికి తెలుగులో. ఎంతో ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు కూడా ఆ సమయంలో ఆ హక్కు పనికొస్తుంది. నోటీసు అందాక విచారణ కోరితే తుది నిర్ణయం దాకా వాడు ఆ స్కూల్లోనే ఉంటాడు. పది స్కూలు రోజులకు మించి దూరం పెట్టాలంటే, ఆ ప్రవర్తన ఏడీహెచ్‌డీ వల్ల వచ్చిందా అని ముందు తేల్చాలి. వైకల్యం వల్లే అయితే మామూలు పిల్లల్లా పంపేయడం కుదరదు.

ఇంత రక్షణ ఉన్నా పిల్లలు బయటికి వెళ్తూనే ఉంటారు. ఎందుకంటే చాలాసార్లు ఎక్స్‌పెల్షన్ అనే మాటే రాదు. ఆఫీసుకు పిలిచి, మెత్తగా, ‘మీ అబ్బాయికి ఈ వాతావరణం సరిపడటం లేదేమో, రికార్డులో మచ్చ పడకుండా మీరే తీసుకెళ్లండి’ అని విత్‌డ్రాయల్ ఫారం జరుపుతారు. మన తల్లిదండ్రులు పరువుకు భయపడి అక్కడికక్కడే సంతకం పెట్టేస్తారు. ఆ సంతకంతో అది మీ ఇష్టపూర్వక నిర్ణయం అయిపోతుంది. నోటీసు, విచారణ, తెలుగు కాపీ, ఏదీ ఉండదు. అలా నిరుత్సాహపరిచి పంపడం చట్టరీత్యా తప్పు, కానీ కాగితం మీద మీ సంతకమే కనిపిస్తుంది. ఆ గదిలో చెప్పాల్సింది ఒకటే: ‘ఈ మాట నాకు ఈమెయిల్లో పంపండి, ఇంటికెళ్లి చూసుకుంటాం.’ సాయంత్రం ఆ మీటింగులో ఎవరెవరున్నారో, ఏమన్నారో మీరే ఒక ఈమెయిల్లో రాసి పంపేయండి. రాష్ట్ర విద్యాశాఖ చార్టర్ ఫిర్యాదు ఫారం ఒకటి ఉంది. నింపి ఆథరైజర్‌కు ఇవ్వాలి, స్కూలుకు కాదు.

మచ్చ గురించి అంత భయం అక్కర్లేదు. చాలా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు చేసుకునే కామన్ యాప్ 2021-22 నుంచి క్రమశిక్షణ ప్రశ్న తన వంతుగా తీసేసింది. కొన్ని కాలేజీలు విడిగా అడుగుతాయి, అంతే. కెరీర్‌కు అసలు దెబ్బ కోర్సుల దగ్గర తగులుతుంది. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ)లకు వెళ్లాలంటే ఏ-జీ అనే, ఒక్కోటి ఏడాది సాగే 15 కోర్సులు కావాలి, యూసీకైతే అందులో 11 పన్నెండో గ్రేడుకు ముందే అయిపోవాలి. కోర్సు పేరు గొప్పగా ఉన్నంత మాత్రాన ఏ-జీ ఆమోదం ఉన్నట్టు కాదు. యూసీ వెబ్‌సైట్లో స్కూలు పేరు కొట్టి జాబితా చూసుకోవచ్చు. కోర్సులు వేరే హైస్కూళ్లకు బదిలీ అవుతాయా, కాలేజీ అర్హతకు పనికొస్తాయా అన్నది తల్లిదండ్రులకు ఎలా చెబుతారో పిటిషన్‌లోనే ఉండాలి.

గుంటూరు ప్రయాణం. స్కూలుకు డబ్బు వచ్చేది రోజువారీ హాజరు సగటును బట్టి. మూడు వారాలంటే వాళ్లకు ఆదాయం పోయినట్టే, అందుకే చార్టర్లు ఈ విషయంలో గట్టిగా ఉంటాయి. పెళ్లి ప్రయాణం ఎక్స్‌క్యూజ్డ్ (స్కూలు ఒప్పుకునే) సెలవు కిందికి రావడం కష్టం. సెమిస్టరు పరీక్షలు ఎప్పుడో చూసి, క్రిస్మస్ సెలవులు కలిసేలా టికెట్లు కొనండి. మిగిలిన రోజులకు షార్ట్-టర్మ్ ఇండిపెండెంట్ స్టడీ (కొద్దిరోజులు బడికి రాకుండా చదువుకునే ఏర్పాటు) ఇస్తారేమో నవంబరు మొదట్లోనే అడిగి, బయల్దేరేముందే ఒప్పందం మీద సంతకాలు చేయించండి. తిరిగొచ్చాక ఇచ్చే డాక్టరు చీటీలు పనిచేయవు. ‘ఇన్ని రోజులు రాకపోతే సీటు రద్దు’ అని హ్యాండ్‌బుక్‌లో ఉన్నా, పైన చెప్పిన ఐదు రోజుల నోటీసు దానికీ వర్తిస్తుంది.

భద్రతకు వస్తే, సేఫ్టీ ప్లాన్‌ను ఏటా మార్చి 1కి సమీక్షించాలి, ఉందా అని అడగండి. హేవార్డ్ ఫాల్ట్ (భూకంపాలు పుట్టే భూమి చీలిక) ఫ్రీమాంట్ మీదుగానే పోతుంది కాబట్టి భూకంపం తరవాత పిల్లల్ని ఎక్కడ, ఎవరికి అప్పగిస్తారన్నది ముఖ్యం. ఎమర్జెన్సీ కార్డులో పేరున్నవాళ్లకే, ఫొటో ఐడీ చూసి ఇస్తారు. ఆరు నెలలకు వచ్చిన అమ్మమ్మ పేరు కార్డులో ‘లక్ష్మి’ అని, పాస్‌పోర్టులో ఇంటిపేరుతో కలిపి ఇంకోలా ఉంటే గేటు దగ్గర ఆపేస్తారు. పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి. హ్యాండ్‌బుక్ చివర డైరెక్టరీ సమాచారం అనే పేజీ ఉంటుంది. వాడి పేరు, ఫొటో బయటివాళ్లకు ఇవ్వొద్దనుకుంటే ఆ గడి నింపాల్సింది మొదటి వారాల్లోనే.

జాతి, భాష, వైకల్యం పేరుతో ఎగతాళి, వేధింపులు జరిగితే యూనిఫామ్ కంప్లయింట్ (రాష్ట్రమంతటా ఒకే తీరు ఫిర్యాదు) పద్ధతిలో ఆరు నెలల్లోపు స్కూలుకు రాసివ్వాలి. వాళ్లు 60 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే 30 రోజుల్లో రాష్ట్ర విద్యాశాఖకు అప్పీలు.

చివరిగా, ఇప్పటి డిస్ట్రిక్ట్ హైస్కూల్ రిజిస్ట్రేషన్‌ను ఇవాళే రద్దు చేయకండి. చార్టర్ నుంచి ఎప్పుడు వెనక్కి వచ్చినా మీ డిస్ట్రిక్ట్ చేర్చుకోవాల్సిందే, కానీ దగ్గరి స్కూలు నిండిపోయి ఉంటే ఊరికి ఆ చివరనున్న దానికి పంపవచ్చు. వాలంటీరు గంటల మీదా, 504 మీదా ఈమెయిల్ జవాబులు రెండూ చేతికొచ్చాక అప్పుడు రద్దు చేసుకోండి.