రాగిరేకు మీద గంటం

సందేహం: 17వ శతాబ్దపు డచ్చివారి పువ్వుల, పురుగుల చిత్రాలను గురించి వ్యాసం వ్రాస్తున్నాను. రాగిరేకు మీద మలిచి అచ్చువేసిన ఆ బొమ్మలను ‘నగిషీ చిత్రాలు’ అనవచ్చునా, ‘చెక్కడపు బొమ్మలు’ అనవలెనా?

సమాధానం: నగిషీ పారసీకం నుండి వచ్చిన మాట, అలంకారపు పనికి తగును, ఇక్కడ తగదు. ‘ఉత్కీర్ణం’, అంటే చెక్కినది, శిలాశాసనాలకు సరిపోతుంది. ‘చెక్కడం’ తప్పనను, కాని చెక్కినప్పుడు పేళ్లు లేచిపోగా మిగిలినదే రూపం. రాగిరేకు మీద తీసివేసిన చోటే రూపం.

ఉదాహరణకు, 1598లో హాలండు తీరాన కాట్వైక్ దగ్గరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన తిమింగిలాన్ని డచ్చి చిత్రకారుడు హెండ్రిక్ గోల్ట్సియస్ చిత్రించగా, ఆయన సవతి కొడుకు యాకోబ్ మాతమ్ దానిని రాగికి ఎక్కించాడు. ఆ పనివారు మొనదేలిన ఉక్కు పనిముట్టును అరచేతితో ముందుకు నెడుతూ, వంపు కావలసిన చోట చేతిని కాక రేకునే తిప్పుతూ, ఒత్తిడి పెంచి తగ్గించి ఒకే గీతను లావుగానూ సన్నగానూ నడిపేవారు. ఆ చాళ్లలో సిరా పూసి, పైపూత తుడిచి, తడి కాగితం పరచి మరలో ఒత్తేవారు.

ఇది చదివిన తెలుగువానికి తాటాకు గుర్తుకు రావాలి. మన లేఖకుడూ ఆకును ఎడమచేత జరుపుకొంటూ గంటంతో గీరి, మసి పులిమి తుడిచేవాడు. గాటులో నిలిచిన నలుపే అక్షరం. గంటు అంటే గాటు, లోతుగా తెగిన గుర్తు. గంటము ఆ కుదుటి మాటే అని నా గట్టి నమ్మకం. నేటి పత్రికలు దీనిని ‘ఘంటం’ అని ఒత్తి వ్రాస్తున్నాయి. గుడి గంటకు సంస్కృతంలో ఉన్న ఒత్తును వ్రాతపనిముట్టుకు తగిలించి, అచ్చతెలుగు మాట పుట్టుకను చెరిపివేయడం న్యాయమా? దయచేసి మీరైనా ఆ పని చేయకండి.

తేడా లేకపోలేదు. తాటాకు తానే గ్రంథం. రాగిరేకు అచ్చుకు తల్లి, కనుక బొమ్మ తిరగబడుతుంది. 1650లో రెంబ్రాంట్ ఒక గవ్వను రేకుపై ఉన్నదున్నట్లు గీయగా అచ్చులో దాని చుట్టు ఎడమకు తిరిగింది; సంతకాన్ని మాత్రం ఆయన తిప్పి వ్రాసుకొన్నాడు.

అందువల్ల ఉక్కుమొనతో నేరుగా కోసిన వాటిని ‘గంటపు అచ్చులు’ అనడం నాకు ఇష్టం. ఐతే మైనపు పూత మీద గీచి ఆమ్లంతో తినిపించడం మరొక పద్ధతి. కీటకాల చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్ 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువరించిన, దక్షిణ అమెరికాలోని సూరినామ్ కీటకాల గ్రంథంలోని 60 ఫలకాలలో చాలావరకు ఇతర పనివారు మలిచినవి. అక్కడ ఆమ్లమూ ఉక్కూ కలిసి పనిచేశాయి. అటువంటి వాటికి ‘రాగిరేకు అచ్చు’ అన్న సామాన్యనామం వాడితే నేను ఆక్షేపించను.