ఏడొందల ఏళ్ళ సేనానికి ఆకలెయ్యదా?

ప్రశ్న: అక్కా, చికాగోలో ఎమ్మెస్ చేస్తున్నా. శుక్రవారం రాత్రుళ్ళు రూమ్మేట్లతో ‘వాంపైర్: ది మాస్కరేడ్’ ఐదో ఎడిషన్ మొదలుపెడుతున్నాం. అదే, ఒక్కొక్కరూ ఒక రక్తపిశాచి పాత్ర రాసుకుని, పాచికలేస్తూ కథ నడిపే ఆట. నేను కాకతీయుల కాలపు సేనానిని రాసుకున్నా. ఏడొందల ఏళ్ళ రక్తపిశాచి, కత్తి దూస్తే ఎదురు లేదు. పుట్టుపూర్వోత్తరాలే ఆరు పేజీలు. ఆట నడిపేవాడు చదివి ‘వేరేది రాసుకురా’ అన్నాడు. తప్పెక్కడుంది?

జవాబు: ఆ ఆరు పేజీల్లో వాడికి ఆకలేసిందని ఒక్కచోటైనా రాశావా తమ్ముడూ? రాసుండవు. మొదట్లో నేనూ రాయలేదు. ఒంటినిండా నగలేసుకున్న జమీందారిణి పాత్రని ఆటకి పట్టుకుపోయి, రెండు వారాలకే విసుగొచ్చి వదిలేశాను.

1991లో వచ్చినప్పటి నుంచీ ఈ ఆటలో అసలు గొడవ రక్తం గురించే. మీ ఎడిషన్‌లోనైతే ఆకలికి సున్నా నుంచి ఐదు దాకా అంకె ఉంటుంది. పొద్దుగుంకాక లేవడానికే ఒక పది ముఖాల పాచిక వేయాలి. అందులో ఆరు కన్నా తక్కువ పడితే ఆకలి ఒక మెట్టు పైకి. ఆకలి మూడుంటే, మామూలు పాచికల్లో మూడు తీసేసి మూడు ఎర్రవి పెట్టుకోవాలి. పని చెడి, ఎర్రదాని మీద ఒకటి పడిందా, లోపలి మృగం పగ్గం తెంచుకుంటుంది. ఆకలిని సున్నాకి దించాలంటే మనిషిని ఆఖరి బొట్టు దాకా తాగి చంపాల్సిందే. కత్తి ఇక్కడ ఏం చేస్తుంది చెప్పు?

పైగా కొత్తగా ఆడేవాళ్ళకి నప్పేది ఈమధ్యే చచ్చి లేచినవాళ్ళు. పాత్రకి బలం, తెలివి లాంటి గుణాలు తొమ్మిది, ఎన్ని చుక్కలుంటే అందులో అంత గట్టి. వాటిల్లో ఒకదానికి నాలుగు చుక్కలు, ఒకదానికి ఒక్కటే చుక్క. ముందు ఆ ఒక్క చుక్క దేనికో తేల్చుకో, మనిషి అక్కణ్ణుంచే కనిపిస్తాడు. రక్తపిశాచుల్లో ఏ వంశమన్న సంగతి తర్వాత. అయినా వెంట్రూ వంశం వాళ్ళని ఓసారి చూడు, సరదాగా ఉంటారు. ఏదో ఒక్క రకం మనుషుల రక్తమే వాళ్ళ గొంతు దిగుతుంది. పెళ్ళి భోజనాల్లో ‘నాకిది పడదు’ అని పేచీ పెట్టే బావగారి టైపు.

ఇక బతికున్న మనిషి ఒకరు కావాలి. నీ పాత్రలో మిగిలిన మనిషితనానికి ఆ ఒక్కరే ఊతం. ఆటలో టచ్‌స్టోన్ అంటారు. ఏడొందల ఏళ్ళవాడికి ఎవరు మిగిలుంటారు? మీ ఊళ్ళోనే మనవాళ్ళ కొట్లుండే డెవాన్ వీధి ఉందిగా! నా రెండో పాత్ర అక్కడిదే. తమ్ముడి కిరాణా కొట్లో లెక్కలు చూసే అమ్మాయి. తను చచ్చిపోయిన సంగతి వాడికి తెలియకూడదు, మాస్కరేడ్ అంటే ఆ గుట్టే. కొట్టు రాత్రి తొమ్మిదికి కట్టేస్తారు. డిసెంబరులో నాలుగున్నరకల్లా పొద్దు పోతుంది కాబట్టి పర్వాలేదు. జూన్‌లో ఎనిమిదిన్నర అవ్వాలి. అంటే తమ్ముడితో గడిపేది అరగంట. ఆ అరగంట కోసం క్యాలెండర్ ముందు పెట్టుకుని ఆడేదాన్ని, నవ్వకు.

ఓ జూన్ రాత్రి, ఆకలి నాలుగు. తమ్ముడు మామిడిపళ్ళ అట్టపెట్టె కోస్తూ బొటనవేలు కోసుకున్నాడు. నేను మొహం మామూలుగా పెట్టి వాడి వేలికి గుడ్డపీలిక చుట్టాలి. చేతిలో ఐదు పాచికలు, నాలుగు ఎర్రవి. ఇంకా విసరలేదు. ఆట నడిపే మా ఫ్రెండు వేలు నోట్లో పెట్టుకుని, తమ్ముడి గొంతుతో, ‘అక్కా, తిన్నావా?’ అన్నాడు.