డబ్లిన్‌లో ఆదివారాలు

చి. లావణ్యకు మావయ్య ఆశీస్సులు.

ఇక్కడ బరంపురంలో అందరం క్షేమం. చదువుకోడానికి అంత దూరం ఐర్లాండ్ వెళ్ళి, సెలవు రోజున కూడా నువ్వు డబ్లిన్‌లో గది దాటడం లేదని మీ అమ్మ చెప్పింది. బయటికి అడుగు పెడితే చదువు కోసం తీసుకున్న లోన్ గుర్తొస్తోందన్నావట. టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు కదా తల్లీ, మరి గదిలో కూర్చున్న ఆదివారం వల్ల లోన్‌లో ఎంత తగ్గుతుంది? అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ నీలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. నెలల తరబడి దుప్పటి కప్పుకుని ఫోన్ చూస్తారు. తర్వాత ఒక్కసారి విసుగొచ్చి, అప్పు చేసి మరీ పారిస్ వెళ్ళి ఫొటోలు దిగొస్తారు. ఖర్చుకి భయపడ్డవాళ్ళే చివరికి ఎక్కువ ఖర్చు పెట్టేది. వారానికో పూట, చేతిలో నాలుగు యూరోలతో తిరగడం అలవాటు చేసుకో.

ముందు బస్సుల్లో, రైళ్ళలో తాకించి ఛార్జీ కట్టే స్టూడెంట్ లీప్ కార్డు తీసుకో. పెద్దల ఛార్జీలో సగమే పడుతుంది. ఊళ్ళో అయితే ఒకసారి తాకించాక 90 నిమిషాల లోపు బస్సు, లూవాస్ ట్రామ్, డార్ట్ రైలు ఏది మారినా మళ్ళీ డబ్బు కోయరు. లూవాస్, డార్ట్ దిగాక కూడా తాకించాలి సుమా, మరిచిపోతే ఎక్కువ పడుతుంది.

వాన రోజున మ్యూజియంకి వెళ్ళు. అక్కడ వానకి కొదవ లేదు. నేషనల్ గ్యాలరీ, నేషనల్ మ్యూజియం రెండూ ఉచితమే. నా మాట వింటే మాత్రం మొదట డబ్లిన్ కోట ఆవరణలో ఉన్న చెస్టర్ బీటీకి వెళ్ళు. దానికీ టికెట్ లేదు. గనుల వ్యాపారంలో గడించిన ఒక అమెరికన్ జీవితమంతా ఏరి ఏరి కొన్న చేతిరాత పుస్తకాలూ బొమ్మలూ అక్కడున్నాయి. మన మొఘల్ చిత్రకారులు వేసిన అక్బర్‌నామా బొమ్మలు కొన్ని వాటిలోవే. వెలుతురికి రంగులు పాడవుతాయని అన్నీ ఒకేసారి పెట్టరు, మార్చి మార్చి పెడతారు. కాబట్టి రెండోసారి వెళ్ళినా కొత్తవి కనిపిస్తాయి. అంతా ఒక్క రోజులో చూసెయ్యాలని పరిగెత్తకు. ఒక గది చూసి, మేడ మీద తోట తెరిచి ఉంటే కాసేపు కూర్చుని వచ్చెయ్.

వాన లేనప్పుడు సముద్రం. డార్ట్‌లో దక్షిణానికి వెళ్తే ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చో, చాలా దూరం నీళ్ళు రైలు పక్కనే ఉంటాయి. ఉత్తరం వైపు వెళ్ళే రైల్లో హౌత్ దాకా వెళ్ళు. రేవులో చేపల పడవలు, నీళ్ళలోంచి తల పైకెత్తి చూసే సీల్స్, ఊరు దాటాక కొండ అంచున కాలిబాట. వాన వెలిసిన వెంటనే ఆ బాట ఎక్కకు, బురద జారుతుంది. గోపాలపూర్ అలల్లో ఆడుకున్నానన్న ధైర్యం అక్కడ పనికిరాదు. ఫార్టీ ఫుట్ అనే చోట అక్కడి పెద్దవాళ్ళు డిసెంబర్‌లో కూడా నీళ్ళలోకి దూకుతారు. వాళ్ళని చూసి నువ్వు దూకకు. నడి వేసవిలో కూడా ఆ నీరు 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది, అలవాటు లేని ఒంటికి ఊపిరి ఆడదు.

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుంపావుకే చీకటి పడుతుంది, పొద్దున్నే బయల్దేరు. జూన్‌లో పది దాకా వెలుతురే, పని అయ్యాక కూడా ఫీనిక్స్ పార్కులో జింకల్ని చూసి రావచ్చు. దూరం నుంచే చూడు, తిండి పెట్టకు. పబ్బులుండే టెంపుల్ బార్ వైపు ఒకసారి నడిచి రా చాలు. లోపల కూర్చోవద్దు, అక్కడి ధరలు టూరిస్టుల కోసం పెట్టినవి.

మన పిల్లలతో కలిసి వెళ్ళడం సరదాగానే ఉంటుంది. కానీ గుంపులో ఉంటే మన కబుర్లే తప్ప ఊరు కళ్ళకి ఆనదు. అప్పుడప్పుడు ఒక్కదానివే వెళ్ళు. ఎవరైనా బెల్‌ఫాస్ట్ ట్రిప్ అని పిలిస్తే మాత్రం ఆగు. అది యుకె. దారిలో చెక్‌పోస్టు కనపడకపోయినా మన పాస్‌పోర్టుకి యుకె వీసా కావాలి. "ఎవరూ అడగరులే" అనేవాళ్ళు, అడిగిన రోజున నీ పక్కన ఉండరు. ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకి వెళ్ళాలన్నా ఐర్లాండ్ పర్మిట్ చాలదు, ఆ దేశాలు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా వేరే తీసుకోవాలి.

మన ఊళ్ళో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్ళారు, 1916లో తిరిగొచ్చారు. గదిలో కూర్చుని పుస్తకాలు మాత్రమే చదివి వచ్చిన మనిషి కాదు, ఆ ఊరి రాజకీయాల్ని దగ్గరగా చూసి వచ్చారు. ఓకానెల్ వీధిలో పెద్ద స్తంభాల పోస్టాఫీసు ఉంటుంది. 1916 ఏప్రిల్‌లో ఐరిష్ తిరుగుబాటుదారులు తమ రిపబ్లిక్‌ని ప్రకటించింది దాని ముందే. అటు వెళ్ళినప్పుడు ఒక పది నిమిషాలు ఆగి చూడు.

ఒక్కదానివే వెళ్ళే రోజున ఎక్కడికో రూమ్మేట్‌కి చెప్పి వెళ్ళు. ఆఖరి రైలు టైము ముందే చూసుకో, ఏదైనా అవసరం పడితే 112కి ఫోన్ చెయ్. మీ అమ్మకి మాత్రం ఇంటికొచ్చాకే చెప్పు. ముందే చెబితే ఆవిడ ఇక్కడ రాత్రంతా నిద్రపోదు, మమ్మల్నీ పోనివ్వదు.

మీ మావయ్య