సమాధానం: రావణుడి పక్కన ఏ గ్రీకు కథ పెట్టాలి?

అక్కా, హనుమకొండలో మీ ఎనిమిదో తరగతి పిల్లలు దేవుళ్లు శిక్షించిన మహాకాయుల మీద చార్టు చేస్తున్నారని, రావణుడి పక్కన గ్రీకు కథల్లోని మహాకాయుడు అట్లాస్‌ను పెట్టొచ్చా అని అడిగారు కదా. అట్లాస్ వద్దు. గ్రీకు కథలో అతను మోసేది ఆకాశాన్ని, భూమిని కాదు; రావణుడిలా కొండ కింద ఇరుక్కోలేదు. రావణుడికి సరైన జోడు టైఫన్ అనే గ్రీకు రాక్షసుడు.

కైలాసాన్ని పెకలించబోయిన రావణుణ్ని శివుడు కాలి బొటనవేలితో నొక్కి కొండ కింద ఇరికించాడు. గ్రీకు దేవతల రాజు జ్యూస్‌ను ఎదిరించిన టైఫన్‌ను ఇటలీ దీవి సిసిలీలోని ఎట్నా కొండ కింద అణగదొక్కారని, ఆ అగ్నిపర్వతం కక్కే నిప్పులు అతనివేనని గ్రీకులు చెప్పుకున్నారు. కానీ పిల్లలతో మాట్లాడించాల్సింది తేడా గురించి. రావణుడు కొండ కింద నుంచే శివుణ్ని స్తుతించి, విడుదలై, చంద్రహాస ఖడ్గం కూడా పొందాడు. టైఫన్‌కు ఆ దారే లేదు. మన బలి చక్రవర్తినీ చూడండి, సుతలానికి పంపిన విష్ణువే అతని వాకిలి కాశాడు! నాకు ఈ కథలన్నిటిలో ఇదే ఎక్కువ ఇష్టం.

మూడోది కావాలంటే నార్స్ (పాతకాలపు ఉత్తర యూరప్) కథల్లోని లోకి, రాక్షసుడి కొడుకు. బండలకు కట్టేస్తే పైనుంచి పాము విషం కారుతుంటుంది. భార్య సిగిన్ గిన్నె పట్టి ఆపుతుంది. నిండిన గిన్నె పారబోసే ఆ కాసేపట్లో ముఖం మీద చుక్క పడి అతను గింజుకుంటే భూకంపం వస్తుందట.

బొమ్మల కోసం పాలంపేట తీసుకెళ్లండి. 1213 నాటి రామప్ప గుడి రంగమండపం దూలాల మీద గజాసుర సంహారం, త్రిపుర సంహారం ఉన్నాయి. మెడ ఎత్తి చూడాలి, పిల్లలకు ముందే చెప్పండి.